తెరపై నిగనిగ... కాగితంపై వెలవెల!

గీతల బొమ్మ గీతలుగానే ప్రెస్సుకు చేరకపోతే నష్టపోయేదెవరు?

విజయవాడ: పెళ్లి ఇంకా పన్నెండు రోజులుంది. వెయ్యి శుభలేఖల కట్టలు డీటీపీ సెంటరు బల్ల మీదికి వచ్చాయి. వధువు తండ్రి కట్ట విప్పి మొదటి కార్డు చూశారు. రెండోది చూశారు. అడుగు నుంచి ఒకటి లాగి చూశారు. అన్నీ ఒకే తీరు. వినాయకుడి తొండం అంచు మెట్లు మెట్లుగా ఉంది. చుట్టూ వేసిన లతల గీతలు అలుక్కుపోయాయి. నల్లగా ఉండవలసిన వధూవరుల పేర్ల పక్కన ఒకవైపు ఎర్రని నీడ, మరోవైపు నీలపు నీడ కనిపిస్తున్నాయి.

"ఫోన్లో చూపించింది ఇది కాదు కదా బాబూ!" అన్నారాయన.

ఆపరేటరు గబగబా కంప్యూటరులో ఫైలు తెరిచాడు. తెర మీద అదే వినాయకుడు, అవే లతలు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. "చూడండి సార్, నేను చేసింది ఇదే" అన్నాడు. ఆయన తెర వంక, చేతిలోని కార్డు వంక మార్చి మార్చి చూశారు. పంచవలసింది చేతిలో ఉన్నదే. తెరను ఎవరికీ పంచలేరు.

పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే ఏ ఊళ్లోని డీటీపీ సెంటరుకైనా ఈ తగాదా కొత్త కాదు. శుభలేఖ కావచ్చు, దేవస్థానం ఉత్సవాల కరపత్రం కావచ్చు, బడి వార్షికోత్సవ సంచిక కావచ్చు. తెర మీద చూసి సరేనంటారు. అచ్చయి వచ్చాక నెత్తి కొట్టుకుంటారు. ఆపరేటరు ప్రెస్సు తప్పంటాడు. ప్రెస్సువారు ఫైలు తప్పంటారు. మధ్యలో నలిగేది డబ్బు ఇచ్చినవారు.

బొమ్మ ఎక్కడ చెడింది?

ఈ కార్డు ప్రయాణాన్ని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళితే సంగతి తేలింది. బొమ్మను కోరల్‌డ్రాలో గీశారు. వధువు తండ్రికి చూపించడానికి దాన్ని జేపీజీగా మార్చి వాట్సాప్‌లో పంపారు. ఆయన చూశారు, బాగుందన్నారు. అంతవరకు అందరూ చేసేదే.

తర్వాత అసలు ఫైలును ప్రెస్సుకు పంపారు. ప్రెస్సులో ఉన్నది కోరల్‌డ్రా పాత వెర్షను. కొత్త వెర్షనులో చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది. సెంటరు మూసేశారు. ప్లేటు ఆ రాత్రే వేయాలి. ప్రెస్సు కుర్రవాడు వధువు తండ్రికి ఫోన్ చేసి, "మీ దగ్గర ఉన్న బొమ్మే పంపండి సార్, సర్దుతాం" అన్నాడు. ఆయన తన ఫోన్లోని జేపీజీ పంపారు. ప్లేటు మీదికి ఎక్కింది అదే!

ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా ముగ్గురి చేతుల మీదుగా గీతల బొమ్మ చుక్కల బొమ్మయింది. వెయ్యి కార్డులు పాడయ్యాయి.

లైన్ బ్లాకు, హాఫ్‌టోన్ బ్లాకు

గీతల బొమ్మ, చుక్కల బొమ్మ అనే తేడా కంప్యూటరుతో పుట్టింది కాదు. సీసం అక్షరాలు కూర్చి అచ్చువేసిన రోజుల్లో బొమ్మ కావాలంటే బ్లాకు మేకరు దగ్గరికి వెళ్లేవారు. సిరాతో గీసిన బొమ్మ అయితే లైన్ బ్లాకు, ఫొటో అయితే హాఫ్‌టోన్ బ్లాకు చేసేవారు. లైన్ బ్లాకులో గీత గీతలాగే జింకు రేకు మీద ఉబ్బెత్తుగా నిలిచేది. హాఫ్‌టోన్‌లో ఫొటోను జల్లెడలాంటి తెర గుండా పట్టి చిన్న పెద్ద చుక్కలుగా మార్చేవారు. గీతల బొమ్మను చుక్కల బ్లాకు చేయించేవారు కాదు. చేయిస్తే అంచు పదును పోతుందని ఆనాటి కంపోజిటరుకూ తెలుసు.

కంప్యూటరులోనూ ఇదే తేడా ఉంది. చుక్కల బొమ్మ అంటే ఫొటో లాంటిది. ఇది గళ్ల కాగితం మీద గడికొక రంగు నింపినట్లుంటుంది. ఆ గడినే పిక్సెల్ అంటారు. గళ్లు ఎన్నో ముందే తేలిపోయి ఉంటాయి. బొమ్మను సాగదీస్తే గడి పెద్దదవుతుందే తప్ప కొత్త వివరం పుట్టదు. జేపీజీ, పీఎన్‌జీ ఈ కోవకు చెందినవి.

గీతల బొమ్మను వెక్టర్ అంటారు. ఇందులో గళ్లు ఉండవు. ఫలానా బిందువు దగ్గర మొదలై, ఈ వంపు తిరిగి, ఫలానా బిందువు దగ్గర ఆగాలన్న లెక్క మాత్రమే ఉంటుంది. ఆ లెక్కను చేతి కార్డు మీద వేసినా, బస్టాండు ముందు ఫ్లెక్సీ మీద వేసినా అంచు ఒకేలా నున్నగా వస్తుంది. ఈ వంపుల లెక్కకు బెజియర్ వక్రరేఖలని పేరు. 1960 దశకంలో ఫ్రాన్స్‌లోని రెనో కార్ల సంస్థలో పియర్ బెజియర్ కార్ల ఒంపులు గీయడానికి వీటిని వాడారు. పోటీ సంస్థ సిట్రోయన్‌లో పాల్ ద కాస్టెల్జో అంతకు కొంచెం ముందే ఇదే దారి కనిపెట్టారు. కారు ఒంపు కోసం పుట్టిన లెక్కే నేడు మన 'అ' సుడినీ, 'ఱ' కడుపునూ గీస్తోంది.

ఈ గీతల లెక్కను అచ్చు యంత్రానికి చెప్పే భాష పోస్ట్‌స్క్రిప్ట్. దీన్ని అమెరికాలో అడోబి సంస్థ 1984లో తెచ్చింది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, ఆల్డస్ వారి పేజ్‌మేకర్ దానికి జతపడ్డాయి. డీటీపీ అనే వృత్తి అలా మొదలయింది. 1989లో కెనడా నుంచి కోరల్‌డ్రా వచ్చింది. 1993లో అడోబి పీడీఎఫ్‌ను ప్రవేశపెట్టింది. పోస్ట్‌స్క్రిప్ట్‌లోని గీతల లెక్కే పీడీఎఫ్‌లోకీ వచ్చింది. అందువల్ల పీడీఎఫ్ సక్రమంగా తయారైతే గీత గీతగానే ప్లేటు దాకా వెళుతుంది.

లెక్క చూస్తే ఇంతే

వధువు తండ్రి ఫోన్లోని జేపీజీ వెడల్పు 1000 పిక్సెళ్లు. కార్డు వెడల్పు 8 అంగుళాలు. అంటే అంగుళానికి 125 పిక్సెళ్లు. మంచి అచ్చుకు మామూలు ఫొటోకే అసలు సైజులో అంగుళానికి 300 ఉండాలంటారు. అక్షరాలు, గీతలు ఉన్న బొమ్మను చుక్కలుగా మార్చక తప్పకపోతే 1200 దాకా ఉండటం మంచిది.

ప్లేటు వేసే యంత్రం మాత్రం అంగుళానికి 2400 చుక్కలు పెట్టగలదు. ఎనిమిది అంగుళాలకు 19,200 చుక్కలు. అంత నేర్పు ఉన్న యంత్రానికి అందిన సమాచారం 1000 పిక్సెళ్లే. కనుక ఒక్కొక్క పిక్సెలును 19 చుక్కల వెడల్పు ఉన్న మచ్చగా పరచింది. మచ్చ వెడల్పు కాగితం మీద 0.2 మిల్లీమీటరు. అది కంటికి ఆనుతుంది. వినాయకుడి తొండం మీది మెట్లు అవే.

మరి ఫోన్లో ఎందుకు బాగుంది? ఫోను తెర వెడల్పు మూడంగుళాలకు మించదు. అదే 1000 పిక్సెళ్లు మూడంగుళాల్లో ఇమిడితే అంగుళానికి మూడు వందల పైచిలుకు. అందుకే అంచులు నున్నగా కనిపించాయి. ఫోను అబద్ధం చెప్పలేదు. కార్డు ఫోను కంటే పెద్దది, అంతే.

ఎర్ర నీడ, నీలి నీడ సంగతి వేరు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు చూపిస్తుంది. ఆఫ్‌సెట్ యంత్రం సయాన్ అనే నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు సిరాలతో అచ్చువేస్తుంది. తెర రంగుల జేపీజీని సిరా రంగుల్లోకి మార్చినప్పుడు నల్లని అక్షరం నాలుగు సిరాల కలగలుపు అవుతుంది. నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిపై ఒకటి కూర్చోవాలి. ఏ మాత్రం జరిగినా సన్న అక్షరం పక్కన రంగు తొంగిచూస్తుంది. అసలు ఫైలులో అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే వంద శాతం ఇచ్చి ఉన్నారు. అది అలాగే వెళ్లి ఉంటే అక్షరాలు ఒకే ప్లేటు మీద ఉండేవి. నీడకు తావే లేదు.

వత్తు విడిపోతే పట్టుకునేదెవరు?

అక్షరాలను ఫైలుతోపాటు పంపడంలో తెలుగుకు ఉన్న చిక్కు ఇంగ్లీషుకు లేదు. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను వంటి పాత తరహా ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చుని ఉంటాయి. తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే శుభలేఖ బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.

యూనికోడ్ ఫాంట్లలో ఈ బాధ లేదు కాని మరొకటి ఉంది. హల్లును, వత్తును కలిపి కూర్చే పని ప్రోగ్రాము చేయాలి. పేజ్‌మేకర్‌కు ఆ విద్య రాదు. ఇన్‌డిజైన్‌కు వచ్చు కాని 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే 'ముహూర్తం' కాస్తా 'ముహూర్‌తం' అయి కూర్చుంటుంది. ఉచితంగా దొరికే స్క్రైబస్‌లోనూ 2024లో వచ్చిన 1.6 వెర్షను నుంచి తెలుగు సరిగా కూర్చుకుంటుంది.

ఊళ్లోని ప్రెస్సులో అయితే మెషిన్ మ్యాన్ కంటపడి, "ఏమండీ, ఇక్కడ వత్తు ఎగిరిపోయింది" అని ఫోన్ చేసే అవకాశం ఉంది. క్యాలెండరు అచ్చుకు శివకాశి పంపారనుకుందాం. అక్కడి పనివారు ఆరితేరినవారే కాని చదివేది తమిళం. వారి దృష్టిలో తెలుగు అక్షరమూ ఒక బొమ్మే. వత్తు ఉన్నా ఊడినా వచ్చింది వచ్చినట్లు అచ్చువేస్తారు. దూరం పంపే ఫైలు ఎవరూ సరిచూడనవసరం లేనంత భద్రంగా ఉండాలి.

భద్రతకు రెండు మార్గాలున్నాయి. ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదగడం మొదటిది. అక్షరాలను గీతలుగా మార్చేయడం రెండోది. కోరల్‌డ్రాలో కంట్రోల్, క్యూ మీటలు కలిపి నొక్కితే అక్షరం గీతల బొమ్మ అయిపోతుంది. ఇక ఫాంటుతో నిమిత్తం లేదు. అయితే ఆ తర్వాత అక్షరదోషం కనబడినా దిద్దడానికి వీలుండదు. అది అక్షరం కాదు, బొమ్మ. కాబట్టి ప్రూఫు పూర్తిగా దిద్దిన తర్వాతే ఈ పని చేయాలి. మార్చని ప్రతిని వేరే పేరుతో దాచుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త లేక మళ్లీ మొదటి నుంచి కంపోజింగ్ చేసుకున్నవారు ఎందరో.

పంపేముందు చూడవలసినవి

ఇన్‌డిజైన్‌లో 'ఎక్స్‌పోర్ట్', కోరల్‌డ్రాలో 'పబ్లిష్ టు పీడీఎఫ్' నొక్కగానే పీడీఎఫ్ వస్తుంది. అన్ని పీడీఎఫ్‌లూ ఒకటి కావు. వెబ్ కోసం చేసే పీడీఎఫ్‌లో బరువు తగ్గించడానికి ఫొటోలను పలచన చేస్తారు. అచ్చుకు పీడీఎఫ్/ఎక్స్ అనే ప్రమాణం ఉంది. ఫాంట్లు పొదగకుండా దాన్ని తయారు చేయడం కుదరదు. అందులో ఎక్స్-1ఏ రకం తెర రంగులను కూడా ఒప్పుకోదు. ఎక్స్-4 కొత్తది. ఏ రకం కావాలో ప్రెస్సువారిని ముందే అడగడం ఉత్తమం.

నీడలు, పారదర్శకపు మెరుపులు వేసినచోట జాగ్రత్త అవసరం. ఎక్స్-1ఏ వాటిని ఉన్నవి ఉన్నట్లు ఉంచుకోలేదు. అన్నిటినీ ఒక పొరగా అణుస్తుంది. ఆ అణచడంలో నీడ కింద ఉన్న గీతలు, అక్షరాలు చుక్కలుగా మారిపోవచ్చు. అక్షరాలను నీడకు పైపొరలో ఉంచితే ఈ ప్రమాదం తగ్గుతుంది.

సన్న గీతలతో మోసపోరాదు. కొన్ని ప్రోగ్రాముల్లో 'హెయిర్‌లైన్' అంటే యంత్రం వేయగలిగినంత సన్నని గీత అని అర్థం. అంగుళానికి 600 చుక్కల లేజరు ప్రింటులో ఆ గీత చక్కగా కనబడుతుంది. 2400 చుక్కల ప్లేటు మీద అందులో నాలుగో వంతుకు చిక్కి, కాగితం మీద మాయమవుతుంది. గీత మందం పావు పాయింటుకు, అంటే 0.09 మిల్లీమీటరుకు, తగ్గకుండా అంకె వేసి చెప్పాలి. ముదురు రంగు మీద తెల్ల గీత అయితే ఇంకొంచెం లావు ఉండాలి. లేకపోతే సిరా పాకి పూడిపోతుంది.

ఈపీఎస్ బొమ్మలు వాడేవారు మరొకటి గమనించాలి. పేజ్‌మేకర్‌లో ఈపీఎస్ పెడితే తెర మీద కనిపించేది అసలు బొమ్మ కాదు, దాని మసక నకలు. పోస్ట్‌స్క్రిప్ట్ లేని ప్రింటరు ఆ నకలునే అచ్చువేస్తుంది. అది చూసి బొమ్మ చెడిందని కంగారుపడి జేపీజీ పెట్టేవారున్నారు. ఉన్న మంచిని చేజేతులా పారేసుకోవడమే అది.

పీడీఎఫ్ అయ్యాక పరీక్ష రెండు నిమిషాల పని. బొమ్మ అంచును పదహారు వందల శాతం దాకా పెద్దది చేసి చూడాలి. నున్నగానే ఉంటే గీత. గళ్లు కనబడితే చుక్క. కంట్రోల్, డీ నొక్కి ఫాంట్ల జాబితాలో ప్రతి పేరు పక్కన 'ఎంబెడెడ్' అని ఉందో లేదో చూడాలి. నాలుగువైపులా కత్తిరింపు కోసం మూడేసి మిల్లీమీటర్ల రంగు అదనంగా వదిలారో లేదో సరిచూడాలి.

పాత పుస్తకాల మాటేమిటి?

శుభలేఖ పాడైతే ఒక ఇంటి నష్టం. పుస్తకాల విషయంలో నష్టం అంతకంటే పెద్దది. విజయవాడ తెలుగు ప్రచురణకు పుట్టిల్లు వంటిది. పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాల ఫైళ్లు నేటికీ సీడీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో మూలుగుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని పెంచినవారు లేరు. టైప్ 1 తరహా పాత ఫాంట్లకు అడోబి తన ప్రోగ్రాముల్లో 2023 జనవరితో మద్దతు ఆపేసింది. అటువంటి ఫాంట్లతో కూర్చిన పేజీని కొత్త ప్రోగ్రాములో దిద్దడం ఇక సాధ్యం కాదు.

అయితే పీడీఎఫ్‌లో ఒకసారి పొదిగిన ఫాంట్లు చెక్కుచెదరవు. అవి ఎప్పటిలాగే కనిపిస్తాయి, అచ్చవుతాయి. పుస్తకం అచ్చయిన రోజునే సక్రమమైన పీడీఎఫ్ తీసి దాచుకున్న ప్రచురణకర్త నేడు పునర్ముద్రణ వేసుకోగలడు. మూల ఫైలు ఒక్కటే దాచినవారు పాత కంప్యూటరు కోసం వెతకాలి, లేదా పుస్తకమంతా మళ్లీ కొట్టించాలి. పాత యంత్రం ఇంకా నడుస్తున్నవారు అది మొరాయించకముందే పీడీఎఫ్‌లు తీసి పెట్టుకోవడం మంచిది.

ఒక్క రాత్రిలో...

మళ్లీ శుభలేఖ దగ్గరికి వద్దాం. వాదన గంటసేపు సాగింది. చివరికి వధువు తండ్రే, "ఎవరి తప్పయినా ముహూర్తం ఆగదు కదా. రేపటికి కార్డులు రావాలి" అన్నారు. కాగితం ఖర్చు ప్రెస్సు యజమాని, ప్లేట్ల ఖర్చు ఆపరేటరు భరించేటట్లు ఒప్పందమైంది. ఆ నెల ఆపరేటరుకు మిగిలింది తక్కువే.

ఈసారి ఆపరేటరు అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్/ఎక్స్-1ఏ తీసి, పెద్దది చేసి చూశాడు. పెన్ డ్రైవులో వేసుకుని తానే ప్రెస్సుకు వెళ్లాడు. అక్కడ ఒక ప్రతి కాగితం మీద తీయించి వధువు తండ్రి చేత సంతకం చేయించాడు. ఆ తర్వాతే ప్లేటు వేశారు. తెల్లవారేసరికి వెయ్యి కార్డులూ సిద్ధమయ్యాయి. తొండం అంచు నున్నగా తిరిగింది. పేర్లు నల్లగా నిలిచాయి.

పాడైన కార్డులను ఆపరేటరు పారేయలేదు. వెనకవైపు తెల్లగానే ఉంది కనుక కొత్త ఆర్డర్లు రాసుకునే చీటీలుగా వాడుతున్నాడు. అందులో ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో రాసి కంప్యూటరు పక్కన గోడకు అంటించాడు: "జేపీజీ చూడటానికి. పీడీఎఫ్ అచ్చుకు. సంతకం లేనిదే ప్లేటు లేదు."